తూకానికి పెట్టిన పిల్ల

మా అక్క వెంకటలక్ష్మి కూతురి పేరు ఉరుకుందమ్మ. పిల్లలు నిలవక ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకుంటే పుట్టింది కాబట్టి ఆ పేరు పెట్టారు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆదోనిలో ఆ పిల్ల పుట్టిన ఇంట్లో ఆ పేరు పలికేవాళ్ళు లేరు. "అది" అనేవాళ్ళు. "దానికి అన్నం పెట్టినారా?", "అది లేచిందా?" అనేవాళ్ళు. కోపంతో కాదు. పొయ్యి మీద పాలు కాగినాయా అని అడిగినట్టు మామూలుగా అనేవాళ్ళు.

నా పేరు మంచాలమ్మ. మాది ఎమ్మిగనూరు. మా ఆయన తిమ్మయ్యకు అక్కడ మగ్గాలవాళ్ళకు నూలు అమ్మే అంగడి ఉంది. మాకు పిల్లలు లేరు. ఇది కూడా ముందే చెప్పేస్తున్నాను. తరువాత ఆదోని పెద్దమనుషులు దీన్నే పట్టుకొని నా నోరు మూయించాలని చూశారు, అందుకు.

ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా విడిచి కర్నూలు జిల్లాలో కలిసిన మరుసటి ఏడు జరిగిన సంగతి. మా అక్క పోయి అప్పటికి నాలుగేళ్ళు. శ్రావణంలో ఆమె తద్దినానికి ఒకరోజు ముందుగా నేను ఆదోని పోయాను. మా బావ సుబ్బరామయ్యది పత్తి వ్యాపారం. ఇంట్లో ఆయన, ఆయన తల్లి అలివేలుమంగమ్మ, పిల్ల, పనిచేసే హుసేనమ్మ. అంతే మనుషులు.

పిల్ల నడవలో కూర్చొని బొరుగులు తింటోంది. ఎనిమిదేళ్ళది. నేను వాకిట్లోంచి "ఉరుకుందూ!" అని పిలిచాను. పలకలేదు. ఇంకోసారి పిలిచాను. చెవుడు గానీ వచ్చిందా అనుకున్నాను. దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి, "నన్నా?" అంది.

అంతలో వీధి గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. పిల్ల నోట్లో బొరుగులు ఉండగానే లేచింది. నడవ మూలకు పోయి, గోడకు దగ్గరగా, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకొని నిలబడింది. మా బావ లోపలికి వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. "ఎప్పుడొచ్చినావు మంచాలమ్మా, తిమ్మయ్య బాగుండాడా?" అని నన్ను నవ్వుతూ పలకరించాడు. పిల్ల వెనకగా నడిచి నడిమింట్లోకి పోయాడు. హుసేనమ్మ కసువు ఊడుస్తూనే, "అయ్య పోయినాడు, రా పాపా" అంది. పిల్ల వచ్చి మళ్ళీ బొరుగుల ముందు కూర్చుంది.

దాన్ని ఎవరూ కసరలేదు. ఎవరూ కన్నెర్ర చెయ్యలేదు. భోజనానికి ముందు చెయ్యి కడుక్కున్నంత మామూలుగా జరిగిపోయింది. అందుకే నాకు భయం వేసింది.

సంగతేమిటంటే, ఆ పిల్ల మూలా నక్షత్రం మొదటి పాదంలో పుట్టింది. తండ్రికి గండం అన్నారు. దానికి అందరూ చేసేదే వీళ్ళూ చేశారు. శాంతి చేయించి, తండ్రి ముందుగా నూనెగిన్నెలో బిడ్డ నీడ చూసి, ఆ తరువాత నేరుగా మొహం చూస్తాడు. దాంతో సరి. మా వైపు మూలా నక్షత్రం పిల్లలు ఎంతమంది తండ్రుల భుజాలెక్కి తిరగలేదు! కానీ మా బావ శాంతి జరిగిన సాయంత్రమే పత్తిబండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అలివేలుమంగమ్మకు ఒక్కడే కొడుకు. దోషం పోలేదని ఆమె తీర్మానించేసింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో తండ్రి కూతురి మొహం నేరుగా చూడకూడదు. ఏడాదికొకసారి, పుట్టినరోజున నూనెగిన్నెలో చూస్తాడు. మళ్ళీ ఏడాది దాకా ఆ గిన్నెకు మూత పెట్టేస్తారు.

మా అక్క బతికున్నంతకాలం కొట్లాడేది. పిల్లను చంకనేసుకొని మొగుడికి ఎదురుగా పోయి నిలబడేది. తరువాత ఆమె విషజ్వరంతో పోయింది. ఇంకేముంది, ముసలామెకు రుజువు దొరికింది.

ఆమె ఆ పిల్లతో నేరుగా మాట్లాడేది జడ వేసేటప్పుడు మాత్రమే. అప్పుడు పిల్ల మొహం అటువైపు ఉంటుంది కదా. తద్దినం రోజు పొద్దున నా చెవులతో విన్నాను. దువ్వెనకు నూనె రాసుకుంటూ, ముద్దు చేసే గొంతుతో అంటోంది: "మీ అమ్మ నీ మొహం రేయీ పగలూ చూసేది. ఒద్దే అన్నా వినలేదు. అందుకే పోయింది. నువ్వు మంచిదానివి గదా, ఎవురికీ ఏమీ కానియ్యవు."

నా అరికాలి మంట నెత్తికెక్కింది. "అత్తా, అదేం మాట పిల్లతో?" అన్నాను.

"ఉండే మాటే గదా" అంది ఆమె, జడపాయలు వదలకుండానే. "దాన్ని మేమేమన్నా కొట్టినామా, తిట్టినామా? కడుపునిండా పెడతాండాము. పట్టు పరికిణీ కుట్టించినాము. ఒంటి మీద యాడన్నా గీత ఉంటే చూపియ్యి."

లేదు. నేను ఆ మధ్యాహ్నం పిల్లకు నీళ్ళు పోసే నెపంతో ఒళ్ళంతా వెతికాను. ఒక్క గీత లేదు. ఎక్కడన్నా వాత కనిపిస్తే బాగుండునని దేవుణ్ణి అడిగాను. అలా అడిగినందుకు నాకేమీ సిగ్గు లేదు.

దసరా పోయేదాకా పిల్లను పంపమని అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. ఎందుకో తరువాత తెలిసింది. మా బావకు రెండో సంబంధం చూస్తున్నారు. గూడూరు వాళ్ళు చూడడానికి వస్తారు. ఆ సమయంలో మూలా నక్షత్రం పిల్ల నడవలో గోడ తట్టు తిరిగి నిలబడితే బాగుండదు కదా.

ఎమ్మిగనూరులో మొదటి రోజు మా ఆయన మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. చెప్పుల చప్పుడు వినగానే పిల్ల గోడ దగ్గరికి పోయింది. మా ఆయన నెమ్మది మనిషి, నాకు పూర్తిగా ఎదురు. ఏమిటిదని నన్ను అడగలేదు. పిల్లకు కాస్త ఎడంగా తనూ గోడ తట్టు తిరిగి కూర్చున్నాడు.

"పాపా, ఈ గోడలో ఏముండాదే? నాకేమీ కనపడ్లేదు" అన్నాడు.

తనే గోడ మీద చెయ్యి ఆనించి తడిమాడు.

"సున్నం పెచ్చు ఊడింది ఒకటి కనపడతాంది. మీ చిన్నమ్మకు చెప్పొద్దు, నాతో సున్నం కొట్టిస్తాది."

రోజూ అదే పని. వచ్చి గోడ ముందు కూర్చునేవాడు. పళ్ళెం అక్కడికే తెమ్మనేవాడు. అంగడిలో ఎవరు ఏ రంగు నూలు అడిగారో, ఎవరి మగ్గం విరిగిందో గోడకు చెప్పేవాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేవి. వినాయకచవితి పోయింది. ఆ తరువాత ఒకనాడు ఆయన, ఎర్రనూలు అడిగిన ముసలాయన పచ్చనూలు తీసుకుపోయి మళ్ళీ వచ్చి పోట్లాడిన కథ చెబుతుంటే, పిల్ల కిసుక్కున నవ్వింది. నవ్వి, మరిచిపోయి ఇటు తిరిగింది.

మా ఆయన కదలలేదు. దాని మొహం చూశాడు. "అచ్చం వెంకటలక్ష్మి ముక్కే" అన్నాడు.

ఆ పది పదిహేను రోజులు మా ఇంట్లో పండగ. పిలిస్తే పలకడం నేర్చుకుంది. మొదట్లో "నన్నా?" అనేది, తరువాత "ఆఁ" అనడం మొదలుపెట్టింది. "చిన్నాయనా, నూలు కండె నాకొకటి తీసకరా" అని వాకిట్లో నిలబడి అరిచింది. ఆ అరుపు విని పక్కింటివాళ్ళు తొంగి చూశారు. నేను దిష్టి తీశాను. ఇక ఈ పిల్లను నేను వదలను, ఏమైనా సరే నా దగ్గరే ఉంచుకుంటాను అని ఆ రోజే అనుకున్నాను.

తరువాత మా ఆయనకు చలిజ్వరం పట్టుకుంది. ఆ ఏడు ఊళ్ళో సగంమంది మంచం పట్టారు. డాక్టరు ఇచ్చిన చేదుమాత్రలతో ఆయన వారానికి లేచి కూర్చున్నాడు. ఆ వారమంతా పిల్ల ఆయన గదిలోకి రాలేదు. వెనక వసారాలో కూర్చుంది, అన్నం పెడితే సగం వదిలేసింది. చిన్నాయన మీద బెంగ పెట్టుకుందని నేను పొంగిపోయాను. ఆయన లేచి తిరిగాక కూడా అది మునుపటిలా దగ్గరికి పోలేదు. ఇంట్లో పని నాకు తల తిరిగేటంత ఉండింది, పిల్లలన్నాక ఒకరోజు ఇట్లా ఒకరోజు అట్లా ఉంటారులే అనుకున్నాను.

దసరా పోగానే ఆదోని నుంచి కబురు వచ్చింది, పిల్లను పంపమని. గూడూరు వాళ్ళు వచ్చి అడిగారట, మొదటి భార్య బిడ్డ ఏదీ అని. పిన్నమ్మ ఇంట్లో ఉందంటే, కన్నబిడ్డనే తోలేసినవాళ్ళు రేపు మా అమ్మాయి బిడ్డల్ని ఏం చూస్తారు అన్నారట. అందుకని పిల్ల ఇంట్లో కనిపించాలి. నేను పంపనన్నాను. మా బావ కులపెద్దల దగ్గరికి పోయాడు.

కార్తీకంలో ఆదోనిలో, కులపెద్ద గుండయ్యశెట్టి పత్తి మండీలో పంచాయితీ పెట్టారు. గుండయ్యశెట్టి మంచివాడు. అది నేను ఇప్పుడు కూడా కాదనను. ఆయన ఎవరి పక్షమూ వహించలేదు. పెద్దలంతా పత్తి కుక్కిన గోనె బోరాల మీద కూర్చున్నారు. నేను మా ఆయన వెనక నిలబడ్డాను. పిల్ల నా కొంగు పట్టుకొని, మొహం నా వీపులో దాచుకొని ఉంది. ఎదురుగా తండ్రి ఉన్నాడు మరి.

"ఏమ్మా, పిల్లను కొట్టినారా?" అన్నాడు గుండయ్యశెట్టి.

"లేదు మామా."

"వాతలు పెట్టినారా? పస్తు పెట్టినారా?"

"లేదు."

"మరి తిట్టినారా?"

"తిట్టాలన్నా పిల్లతో మాట్లాడాల గదా మామా! వాళ్ళు మాట్లాడరు. హుసేనమ్మకు చెబుతారు, హుసేనమ్మ పిల్లకు చెబుతాది. కన్నతండ్రి మొహం చూడడు."

ఒక పెద్దమనిషి నవ్వాడు. "మా నాయన మా మొహాలు యాడ చూసినాడమ్మా? పొద్దున మండీకి వస్తే దీపాలు పెట్టినాక ఇంటికి పొయ్యేటోడు. మేము పెరగలేదా?" అందరూ నవ్వారు. నాకు చెప్పు తీసుకోవాలనిపించింది.

"నూనెలో చూస్తాండాడు గదా" అన్నాడు ఇంకొకాయన. "ఆచారం ఉండాది. తప్పేముంది?"

"ఏడాదికి ఒకసారి చూస్తాడు! నువ్వు నీ ఎద్దును ఏడాదికి ఒకసారి చూస్తావా?"

"మంచాలమ్మా, నోరు జాగ్రత్త" అన్నాడు మా బావ మెల్లగా. "నీకు పిల్లలు లేరు. నీ బాధ మాకు తెలుసు. అంతమాత్రాన మా ఇంటి మీద నింద వెయ్యొద్దు."

పెద్దలంతా తలలూపారు. అయిపోయింది, నేను గొడ్రాలిని కాబట్టి నాకు పిల్ల కావాలి, అందుకని కట్టుకథ చెబుతున్నాను. ఇక ఏం చెప్పను? కొడితే దెబ్బ అంటారు. కాలిస్తే వాత అంటారు. తిండి పెట్టకపోతే పస్తు అంటారు. ఆ ఇంట్లో జరిగేదానికి పేరు లేదు. పేరు లేనిదాన్ని తెచ్చి పదిమంది మగవాళ్ళ మధ్య పెట్టి ఇదిగో చూడండి అంటే ఎవరికి కనిపిస్తుంది? నేను అరిచాను, ఏడ్చాను. ఎంత ఏడిస్తే అంత అబద్ధంలా ఉందని నాకే తెలుస్తూ ఉంది.

గుండయ్యశెట్టి మండీలో వేలాడుతున్న కాటా వైపు చూశాడు. చివరికి అన్నాడు: "మనం పత్తి అమ్మేటోని మాట మీద పోతామా, కొనేటోని మాట మీద పోతామా? కాటా మీద పెడతాము. పిల్లకు మనసులో దిగులుంటే ఒళ్ళు పట్టదు, చిక్కిపోతాది. సంతోషముంటే ఒళ్ళు చేస్తాది. ఇది అందరికీ తెలిసిందే. ఇప్పుడు తూకం వేస్తాము. శివరాత్రి దాకా తండ్రి ఇంట్లో ఉంటాది. మళ్ళీ తూకం వేస్తాము. తగ్గితే మంచాలమ్మ తీసుకుపోవచ్చు. పెరిగితే ఈడనే ఉంటాది. ఎవురికీ అన్యాయం లేదు."

అందరికీ నచ్చింది. కాటా అంటే ఆ ఊళ్ళో దేవుడు. మా ఆయన కూడా తల ఊపాడు. అబద్ధమెందుకు, నాకూ నిజమే అనిపించింది. ఆ ఇంట్లో ఉంటే పిల్ల పుల్లలా అయిపోతుంది, శివరాత్రికి నా ఇంటికి వస్తుంది అనుకున్నాను.

హమాలీ ఏసన్న పిల్లను ఎత్తి, పత్తిబోరాలు తూచే పెద్దకాటా పళ్ళెంలో కూర్చోబెట్టాడు. "గొలుసులు పట్టుకో పాపా, భయం లేదు" అన్నాడు. అది గొలుసులు పట్టుకోలేదు. రెండు చేతులతో మొహం మూసుకుంది. తండ్రి ఎదురుగా ఉన్నాడు కదా. "సిగ్గుపడతాంది" అని ఒకాయన ముచ్చటపడ్డాడు. రెండో పళ్ళెంలో ఇనుపగుండ్లు పెట్టారు. రెండు మణుగులకు ఒక వీశె తక్కువ.

"విన్నావా పాపా?" అన్నాడు గుండయ్యశెట్టి పిల్లతో, నవ్వుతూ. "బరువు పెరిగితే ఈడ, తగ్గితే ఎమ్మిగనూరు."

పిల్ల చేతులు తియ్యకుండానే తల ఊపింది.

ఆ మూడు నెలలు నేను ఆ గడప తొక్కకూడదన్నారు. మధ్యలో ఒకసారి మంత్రాలయం పోయే నెపంతో ఆదోని బస్సు ఎక్కాను. కూరగాయల అంగళ్ళ దగ్గర హుసేనమ్మ కోసం కాచుకున్నాను. ఆమె నన్ను చూసి గంప దించి పక్కకు వచ్చింది.

"ఎట్లుండాది?" అన్నాను.

"తింటాందమ్మా" అంది హుసేనమ్మ. ఆ చెప్పడంలో సంతోషం లేదు. "పెద్దమ్మ నెయ్యి పోస్తాంది, ఓళిగలు పెడతాంది, పొద్దున బజ్జీలు తెప్పిస్తాంది. పెట్టినవన్నీ తింటాంది. కడుపు నొస్తాందే అంటాది, మళ్ళీ తింటాది. మొన్న కక్కుకునింది. కక్కుకొని, మూతి తుడుసుకొని, నన్నడిగింది, ఇంకా ఉండాదా అక్కా అని. నాకు భయమైతాందమ్మా. ఏ పిల్లన్నా అట్ల తింటాదా, సెప్పు?"

"ఆ ముసలిది బలవంతంగా తోస్తాంది! కాటా గెలవాలని!"

హుసేనమ్మ ఏదో చెప్పబోయి ఊరుకుంది. నేను ఆగలేదు. పెద్దల ముందు ఏం మాట్లాడాలో బస్సులో కూర్చొని అల్లుకుంటూ వచ్చాను. అలివేలుమంగమ్మ బండారం బయటపెట్టాలని, గుండయ్యశెట్టి న్యాయం తెలిసినవాడు కాబట్టి వింటాడని, నా నమ్మకం.

శివరాత్రి మరునాడు మళ్ళీ మండీలో చేరాం. హుసేనమ్మ పిల్లను తీసుకువచ్చింది. బుగ్గలు ఉబ్బిపోయి కళ్ళు చిన్నవయ్యాయి. పరికిణీ నడుం దగ్గర విప్పి మళ్ళీ కుట్టారు. నడుస్తుంటే ఆయాసపడుతోంది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, నేలకేసి చూసుకుంటూ కాటా దగ్గరికి పోయింది. ఏసన్న ఎత్తబోతే వద్దని, తనే పళ్ళెంలోకి ఎక్కి కూర్చుంది. ఇనుపగుండ్ల వైపు చూస్తోంది. పళ్ళెం దిగుతుందా లేదా అని చూస్తోంది.

రెండు మణుగుల మీద రెండు వీశెలు. మూడు వీశెలు పెరిగింది.

మండీ అంతా సంతోషపడింది. "చూసినావా మంచాలమ్మా?" అన్నాడు మా బావ. ఆ మనిషి మొహంలో నిజంగానే మంచితనం ఉంది. బిడ్డను బాగా చూసుకున్నానని నిజంగానే నమ్ముతున్నాడు.

"ఇది ఒళ్ళు కాదు, వాపు!" అని నేను అరిచాను. "గొంతులో కుక్కినారు. కక్కించి కక్కించి తినిపించినారు!"

"మొదట్ల పిల్లను బాగా చూడలేదంటివి. ఇప్పుడు ఎక్కువ చూసినారంటావు" అన్నాడు పోయినసారి నవ్విన పెద్దమనిషి. ఈసారి ఎవరూ నవ్వలేదు. నా మీద వాళ్ళకు జాలి వచ్చింది. అది నవ్వు కంటే నీచంగా ఉండింది.

గుండయ్యశెట్టి చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "పిల్లనే అడుగుదాము" అన్నాడు. "ఏమ్మా, నువ్వు యాడ ఉంటావు?"

పిల్ల వెనక్కి తిరిగి చూసింది, ఎవరిని అడుగుతున్నారా అని. వెనక పత్తి బోరాలు తప్ప ఎవరూ లేరు.

"నిన్నే పాపా."

"ఈడనే" అంది పిల్ల.

"ఒక్క మాట మాట్లాడనియ్యండి" అని బతిమాలితే ఒప్పుకున్నారు. పిల్లను బోరాల చాటుకు తీసుకుపోయాను. కిందికి కూర్చొని దాని రెండు చేతులూ పట్టుకున్నాను. అది బోరా తట్టు తిరిగి నిలబడింది.

"ఉరుకుందూ, ఇటు చూడు తల్లీ. ఎవురు బెదిరించినారు నిన్ను? అవ్వ తోసి తోసి పెట్టిందా? నాకు చెప్పు, నేను వాళ్ళ అంతు చూస్తాను."

"అవ్వ తొయ్యలేదు" అంది బోరాతో. "నేనే తిన్నా."

"ఎందుకే?"

"బరువు పెరిగితే ఈడనే ఉండొచ్చు అని శెట్టి చెప్పినాడు గదా."

నేనేం తక్కువ చేశాను? ఏమన్నా కసిరానా? ఆయన ఏమన్నా అన్నాడా? అదే అడిగాను. పిల్ల తల అడ్డంగా ఊపింది. గొంతు తగ్గించి చెప్పింది.

"చిన్నాయన నా మొహం చూసినాడు. చూసినాకనే జ్వరమొచ్చింది. అమ్మకు గూడా అట్లనే వచ్చింది. ఈ తూరి నీకొస్తాది చిన్నమ్మా. ఈడైతే ఎవురూ చూడరు. ఎవురికీ ఏమీ కాదు."

"ఎవురు చెప్పినారే నీకు! ఆ జ్వరం దోమలతో వస్తాది, ఊరంతా పండుకోలేదా? పిచ్చిదానా, చూడు, ఇటు చూడు. నేను చూస్తాండా నీ మొహం, నాకేమన్నా అయితాందా?" అని భుజాలు పట్టి నా వైపు తిప్పుకున్నాను. అది తన కళ్ళు గట్టిగా మూసుకుంది. నేనింకా చూస్తున్నానని తెలిసి, ఉబ్బిన అరచేతులు రెండూ తెచ్చి నా కళ్ళ మీద అదిమి పెట్టింది.

"చూడొద్దు చిన్నమ్మా" అంది. "నీకు దండం పెడతా, చూడొద్దు."

నేను పిల్లను అక్కడే వదిలి పెద్దల ముందుకు పరిగెత్తాను. నాకు ఇప్పుడు పేరు దొరికినట్టు, రుజువు దొరికినట్టు అనిపించింది. పిల్ల చెప్పినదంతా చెప్పాను. మా అందరి ప్రాణాలు కాపాడాలని అది వాంతులు చేసుకుంటూ తిన్నదని చెప్పాను. ఆ రెండు పళ్ళేల మధ్య మీరు తూచింది ఆ పిల్ల భయాన్నే, సంతోషాన్ని కాదు, ఇప్పుడన్నా చూడండి అన్నాను.

గుండయ్యశెట్టి కళ్ళు చెమర్చాయి. కండువాతో తుడుచుకున్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఎంత మంచి బుద్ధి!" అన్నాడు ఆయన. "ఎనిమిదేండ్ల బిడ్డ పెద్దోళ్ళ ప్రాణాలు తలుసుకొని తన సుఖం ఒదులుకునింది. సుబ్బరామయ్యా, నువ్వు అదృష్టవంతుడివప్పా. తల్లి లేని పిల్లను ఇట్ల పెంచడమంటే మాటలా? అలివేలమ్మ పెంపకమంటే పెంపకమే."

అందరూ అవునన్నారు. మా బావ తల దించుకొని, కళ్ళు తుడుచుకున్నాడు. గుండయ్యశెట్టి నా వైపు తిరిగి, "నువ్వు ఏడవొద్దమ్మా. ఇంత మంచి పిల్ల నీ అక్క బిడ్డ అని సంతోషపడు" అన్నాడు. మా ఆయన వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

పంచాయితీ ముగిసింది. మా బావ లేచి చెప్పులు వేసుకొని, బయట కూర్చున్న హుసేనమ్మతో, "దాన్ని తీసుకురా" అని చెప్పి ముందు నడిచాడు. పిల్ల బోరాల చాటు నుంచి వచ్చింది. తండ్రి వీధి మలుపు తిరిగేదాకా, ఎవరూ చెప్పకుండానే, మండీ గోడ తట్టు తిరిగి నిలబడింది. తరువాత హుసేనమ్మ వెనక ఆయాసపడుతూ నడిచింది.

"ఉరుకుందూ!" అని పిలిచాను. ఈసారి దానికి వినపడింది. అడుగు ఆగింది. నేను గోడ పక్కనే ఉన్నాను, తల తిప్పితే చాలు కనిపిస్తాను. తిప్పలేదు. నేను బతకాలని తిప్పలేదు.